సెల్ఫు తిరిగినను అందుకొనని కారు

తాళపుచెవి త్రిప్పగానే సెల్ఫు తిరుగును. ఇంజను మాత్రము అందుకొనదు. పాత కారును ఇంట నిలుపుకొన్నవారెల్లరు ఎరిగిన కష్టమే యిది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. క్రొత్త పెట్రోలు కార్లలో కార్బురేటరు స్థానమును ఇంజెక్షను పద్ధతి ఏనాడో ఆక్రమించినది. అయినను కార్బురేటరు బండ్లు అక్కడక్కడ నడచుచునే యున్నవి. వాని గుట్టెరిగిన మెకానిక్కులు మాత్రము తగ్గుచున్నారు. కావున కారణమును వెదకు క్రమమును గృహస్థుడు కొంత తెలిసికొనుట మేలు.

పొయ్యి రాజుటకు కట్టె, గాలి, నిప్పు కావలెను గదా! ఇంజనుకును అంతే. పెట్రోలు, గాలి తగుపాళ్లలో కలియవలెను. ఆ మిశ్రమము సిలిండరులో గట్టిగా అదుమబడవలెను. సరియైన క్షణమున ప్లగ్గు నిప్పురవ్వ నీయవలెను. ఒక గ్రాము పెట్రోలు మండుటకు సుమారు 15 గ్రాముల గాలి వలయును. ఈ పాలు కుదుర్చుటయే కార్బురేటరు పని.

మొదట సెల్ఫు చప్పుడు వినుడు. అది ఈడ్చుచు తిరిగినచో బ్యాటరీ నీరసించినదని గ్రహింపవలెను; అట్టి బ్యాటరీతో రవ్వయు బలహీనమగును. సెల్ఫును ఒక్క పర్యాయమున పది సెకండ్లకు మించి త్రిప్పరాదు. నడుమ అర నిమిషమైన విశ్రాంతి నీయవలెను. ట్యాంకులో పెట్రోలున్నదా యని చూచుకొనుడు. ముల్లును మాత్రమే నమ్మరాదు.

తరువాత చోకు. చల్లని ఇంజనులో పెట్రోలు చక్కగా ఆవిరి కాదు గనుక చోకు లాగి మిశ్రమమును చిక్కన చేయుదుము. వేడి ఇంజనుకు చోకు లాగినను, ఆక్సిలరేటరును పదేపదే తొక్కినను పెట్రోలు అధికమై ప్లగ్గులు తడిసిపోవును. ఘాటైన పెట్రోలు వాసన దీనికి గుర్తు. అప్పుడు కొంతసేపు ఆగి, చోకు పూర్తిగా తీసి, ఆక్సిలరేటరును అడుగంట తొక్కిపట్టి సెల్ఫు త్రిప్పవలెను. లోపలికి అధికముగా పోవు గాలి తడిని ఆర్చును.

వాసన లేనిచో రవ్వను పరీక్షింపుడు. ఊడదీసిన ప్లగ్గును దాని తీగకే తగిలించి, లోహభాగము ఇంజనుకు ఆనునట్లు, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా నిలిపి, మరియొకరిచే సెల్ఫు త్రిప్పింపవలెను. చేతితో పట్టుకొనరాదు, 12 వోల్టుల విద్యుత్తును కాయిలు పదివేల వోల్టులకు మించి పెంచును. నీలిరవ్వ చిటపటలాడినచో మేలు. లేనిచో డిస్ట్రిబ్యూటరు మూత విప్పి చూడుడు. వానకాలమున లోపలి చెమ్మయే తరచు కారణము. పొడిగుడ్డతో తుడిచిన చాలును. పాయింట్లు మాడినను, కండెన్సరు చెడినను, రోటరు పగిలినను రవ్వ రాదు. పాయింట్ల ఎడము సాధారణముగా 0.4 మిల్లీమీటరు ప్రాంతమున నుండును. బండితో వచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము.

రవ్వ బాగున్నచో పెట్రోలు రాకను చూడవలెను. వడపోత మూసికొనిపోవుట, పంపులోని రబ్బరు పొర చిరుగుట, కార్బురేటరు సూది అంటుకొనుట సామాన్యదోషములు. ఎండకాలమున గొట్టములో పెట్రోలు ఆవిరియై దారి నడ్డగించును. బండి నాపి, పంపుపై తడిగుడ్డ వేసి చల్లార్చినచో సర్దుకొనును. 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు మనదేశమున అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును, పాత రబ్బరును చెరచును. కావున పాత బండ్ల గొట్టములను తరచు పరీక్షించుట అవసరము.

రవ్వయు పెట్రోలును రెండును ఉన్నను ఇంజను అందుకొననిచో, రవ్వ పడు సమయము తప్పినదో, అదుము తగ్గినదో కావచ్చును. అది మెకానిక్కు చూడదగినది.

ఒక్క మాట మరువరాదు. కార్బురేటరు నోట పెట్రోలు పోసి సెల్ఫు కొట్టుట కొందరికి అలవాటు. లోపలి మంట వెనుకకు ఎగసినచో క్షణములో బండియు మనిషియు కాలుదురు. ఆ పని ఎన్నడును చేయరాదు. పిల్లలను దూరముగా నిలిపి, తలుపులు తెరచినచోటనే ఈ పరీక్షలు సాగింపవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చి ఫలితము చూచుడు. నాలుగింటిని ఒకేసారి కదిపినవానికి ఏది రోగమో, ఏది మందో తెలియదు.