ఇంటి పక్కనే ప్రోటీన్ల లెక్క

పాపను స్కూల్లో దింపి వస్తూ వెస్ట్‌మీడ్‌లోని చిల్డ్రన్స్ మెడికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ముందు నుంచే నడుస్తాను. అక్కడి ప్రోకాన్ 2016 నుంచి క్యాన్సర్ కణితుల్లోని ప్రోటీన్లను కొలుస్తోంది. బ్రిటన్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి, ల్యాబులో పెంచిన 949 రకాల క్యాన్సర్ కణాల్లో 8,498 ప్రోటీన్ల లెక్కను 2022లో ప్రచురించింది.

ఇన్ని వేల ఫైళ్లు ఎవరు తెరిచి చూస్తారండీ? ఇలాంటి పనికి వర్క్‌ఫ్లో రాసిపెడతారు: మెషీన్ నుంచి ఫైలు రాగానే కంప్యూటరే నాణ్యత చూసి, ప్రోటీన్లను గుర్తించి, తర్వాతి మెట్టుకు పంపుతుంది.

ఎమ్మెస్సీలో నేను రీడింగులన్నీ చేత్తో రాసేదాన్ని. ఒకసారి రెండు ట్యూబుల లేబుళ్లు తారుమారయ్యాయి. లేబులే తప్పైతే వర్క్‌ఫ్లో కూడా ఆ తప్పునే చివరిదాకా మోస్తుంది. కాకపోతే ఏ ఫైలు ఏ మెట్టు ఎప్పుడు దాటిందో రాసి ఉంచుతుంది. సరిచేసి మళ్లీ నడపొచ్చు. నా నోట్‌బుక్కులో ఆ వీలు లేదు. నెల రోజుల శాంపిళ్లు సింకులో పారబోశాను.