పాత రివాజును సమర్థించేవారిని తప్పుపట్టే మర్యాద

కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో పెళ్లి మాటలకు కూర్చున్నప్పుడు మహర్ సంగతి తొందరగానే తేలిపోతుంది. ‘జోడే కీ రఖం’ సంగతి మాత్రం ఎంత పొద్దుపోయినా తేలదు. షరీఅత్ విధించిన మహర్‌కు బేరం లేదు, షరీఅత్‌లో ఎక్కడా లేని కట్నానికి ఉన్నదంతా బేరమే. ఇది తప్పని గట్టిగా చెప్పే యువకులు నేడు అనేక మహల్లాలలో ఉన్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే, “తాతల నాటి నుంచీ వస్తున్నది, ఇప్పుడెలా మానతాం?” అనే పెద్దలను వారు ‘మునాఫిఖులు’, ‘జాహిలులు’, ‘డబ్బు పిశాచాలు’ అని నలుగురిలో దూషించడం కూడా వినవస్తున్నది. చెడును ఖండించడం విధి అయినట్లే, ఆ ఖండనకూ ఒక అదబు ఉన్నది. ఆ అదబు ఏమిటి, ఎవరి విషయంలో ఎంత, అన్నదే ఇక్కడ పరిశీలించదలచిన అంశం.

హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో మంచిని ఆదేశించడం, చెడును నివారించడం అనే విషయానికి ఒక పెద్ద అధ్యాయమే కేటాయించారు. ఒక పనిని అడ్డుకోవాలంటే ఆయన నాలుగు షరతులు పెట్టారు. అది నిజంగా చెడు అయి ఉండాలి. ఇప్పుడు జరుగుతూ ఉండాలి, అయిపోయినది కాదు. గూఢచర్యం చేయకుండానే పైకి కనిపించాలి. అది చెడు అన్న సంగతిలో పండితులకు భిన్నాభిప్రాయం ఉండకూడదు. ఈ నాల్గవ షరతును మన యువకులు తరచు మరచిపోతున్నారు. వరుడి తరఫువారు ఇంత ఇస్తేనే నిఖా అని పట్టుబట్టడం అన్యాయమనడంలో సందేహం లేదు. కాని ఒక తండ్రి తన బిడ్డకు ఇష్టపూర్వకంగా గిన్నెలో, మంచమో ఇచ్చి పంపడం వేరు. హజ్రత్ ఫాతిమా (రజి) పెళ్లినాటి తిరగలి, తోలుతిత్తి, ఈతపీచు నింపిన దిండు ఈ వాదంలో తప్పక ముందుకు వస్తాయి. అవి జహేజ్‌కు ఆధారమని కొందరంటారు. హజ్రత్ అలీ (రజి) తన కవచం అమ్మి తెచ్చిన మహర్ సొమ్ముతోనే వాటిని కొన్నారన్న ఉల్లేఖనాలు చూపి, కాదని మరికొందరంటారు. ఇటువంటి చోట ఎదుటివాడిని మునాఫిఖ్ అనడానికి హక్కెక్కడిది?

ఇక రివాజును సమర్థించేవారందరూ ఒక్కటి కారు. నలుగురు కొడుకుల తండ్రి సమర్థించడం వేరు, నలుగురు కూతుళ్ల తండ్రి సమర్థించడం వేరు. మొదటివాడికి లాభం ఉంది. రెండవవాడికి ఉన్నది భయం. వానలు లేని ఏడాది మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయి, ఆ కూలితో పెళ్లి అప్పు తీర్చే మనిషి “ఆచారం మంచిదే” అంటున్నాడంటే, అది ఆచారం మీది ప్రేమ కాకపోవచ్చు. తాను పడ్డ కష్టం వృథా అని ఒప్పుకోలేకపోవడం కావచ్చు. లేదా రెండవ బిడ్డకు సంబంధం తప్పిపోతుందన్న దిగులు కావచ్చు. ఇద్దరినీ ఒకే మాటతో కొట్టినవాడు రెండవవాడికి అన్యాయం చేస్తున్నాడు.

పెద్దలు చెప్పే ఒక కారణాన్ని మాత్రం విడిగా చూడాలి. ఎందుకంటే అందులోనే అసలు ముడి ఉన్నది. “అమ్మాయికి పొలంలో భాగం ఇవ్వడం లేదు కదా, దానికి బదులు జహేజ్ ఇస్తున్నాం” అంటారు. ఇది తెలివితక్కువ మాట కాదు, ఒక లెక్క. కాని తప్పు లెక్క. షరీఅత్‌లో కుమార్తెకు కుమారుడి వాటాలో సగం హక్కుగా వస్తుంది. తండ్రి మరణానంతరం ఆ హక్కు ఆమెదే, వరుడిది కాదు, అతని తండ్రిది అంతకంటే కాదు. ఈ హక్కును ఆచారం ఎలా మింగిందో చట్టాల చరిత్రలోనే కనిపిస్తుంది. 1937 నాటి షరీఅత్ చట్టం ఆచారాన్ని పక్కకు నెట్టి ముస్లింలకు షరీఅత్‌ను వర్తింపజేసింది. కాని వ్యవసాయ భూమిని మినహాయించింది. కర్నూలు జిల్లా నాడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1949లో ఆ రాష్ట్రం సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. అంటే మన జిల్లాలో కూతురికి పొలంలో వాటా ఇవ్వకపోవడానికి చట్టం సాకు లేక ఎన్నో దశాబ్దాలయింది. ఈ సంగతి పెద్దలకు నెమ్మదిగా చెప్పి, “మామా, మరి ఆమె భాగం లెక్క వేద్దామా?” అని అడిగితే, వంద దూషణలు చేయలేని పని జరిగే అవకాశముంది. కనీసం దాగి ఉన్న లాభం బయటపడుతుంది.

తాత ముత్తాతల మార్గమన్న జవాబును దివ్య ఖుర్‌ఆన్ అనేకచోట్ల ప్రస్తావించింది. జుఖ్రుఫ్ సూరాలో ఆ మాటను ప్రతి ఊళ్లోనూ అన్నవారు అక్కడి సంపన్నులేనని గుర్తుచేసింది. అక్కడే దైవప్రవక్త ఇచ్చిన సమాధానం ఒక ప్రశ్న రూపంలో ఉన్నది: ఇంతకంటే మెరుగైన మార్గం తెచ్చినా కూడానా, అని. సబా సూరాలోని 24, 25 ఆయతులు ఇంకా ఆలోచించదగ్గవి. బహుదైవారాధకులతో వాదించేటప్పుడు, మేమో మీరో ఎవరో ఒకరు సన్మార్గాన ఉన్నామన్న ధోరణిలో మాట్లాడమని ప్రవక్త (స)కు ఆదేశం వచ్చింది. ఆ తర్వాతి ఆయతులో ‘నేరం’ అన్న అర్థమిచ్చే పదం మన పక్షానికి వాడబడింది. ఎదుటి పక్షానికి కేవలం ‘చేసే పనులు’ అన్న పదం. వ్యాఖ్యాతలు ఈ తేడాను ప్రత్యేకించి ఎత్తి చూపారు. షిర్క్ చేసేవారితో వాదనకే ఇంత మర్యాద ఉంటే, మన పక్కనే సఫ్‌లో నిలబడి నమాజు చేసే పెద్దాయనకు ఎంత ఉండాలి!

యథాస్థితికి కాపలాదారుగా కనిపించినవాడే ఒక్కోసారి దారి తెరుస్తాడు. బ్రిటిషు కాలంలో పంజాబులో కొందరు స్త్రీలు భర్తల పీడ వదిలించుకోవడానికి వేరే మార్గం లేక మతం విడిచినట్లు ప్రకటించేవారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం విడాకులు కోరడానికి వారికి ఉన్న అవకాశాలు చాలా తక్కువ. 1930లో అచ్చయిన తన ప్రసంగాలలో ఇక్బాల్ ఈ సంగతినే ఎత్తారు, అదీ ప్రశ్నగానే. హనఫీ మజ్‌హబ్‌కు దృఢంగా కట్టుబడిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ఆ దశాబ్దపు తొలి సంవత్సరాలలో మదీనాలోని మాలికీ పండితులను విచారించి, ఈ అవసరంలో మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చని ‘అల్ హీలతున్నాజిజా’ రచించారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం వెనుక ఆ కృషి ఉన్నది. భర్త నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా భార్య కోర్టును ఆశ్రయించే హక్కు దానివల్లనే వచ్చింది. ఆయనను ‘ఛాందసుడు’ అని తోసివేసి ఉంటే నష్టపోయేది ఎవరు?

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఈ అదబును నోరు మూయించే తాళంగా వాడేవారు కూడా ఉన్నారు. కోడలు పిల్ల కన్నీళ్లతో నోరు విప్పితే, “పెద్దలతో మాట్లాడే తీరు ఇదేనా?” అంటారు. ఇది సరికాదు. చెడు మాటను బాహాటంగా పలకడం దేవునికి ఇష్టం లేదని చెప్పిన నిసా సూరాయే, అన్యాయానికి గురైనవారిని అందులోంచి మినహాయించింది. హజ్రత్ ఖౌలా (రజి) తన భర్త పలికిన జిహార్ మాట విషయంలో సాక్షాత్తు ప్రవక్త (స)తోనే వాదించారు. జిహార్ అజ్ఞానకాలపు ఆచారం. ఆమె వాదనను అల్లాహ్ విన్నాడని చెబుతూ ముజాదలా సూరా మొదలవుతుంది. మర్యాద నియమాలు ప్రధానంగా పక్కనుండి మాట్లాడే మనబోటివారికి. బాధ పడుతున్నవారి గొంతు తగ్గించడానికి కావు. విశేషమేమంటే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం, ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ ఇద్దరినీ నేరస్థులుగా చూస్తూనే, బాధితులు చెప్పిన మాటను ఆధారం చేసుకుని వారిమీదే కేసు పెట్టరాదని 1986 సవరణలో చేర్చుకున్నది. మహర్‌ను ఆ చట్టం మొదటి నుంచీ కట్నంగా లెక్కించలేదు.

రివాజును వేదికల మీద సమర్థించేవారి సంగతి వేరు. బహిరంగంగా అన్నదానికి బహిరంగంగానే జవాబు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అక్కడ కూడా ప్రవక్త (స) పద్ధతి గుర్తుండాలి. ఎవరిదైనా పొరపాటు చూసినప్పుడు ఆయన పేరు ఎత్తకుండా, కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారు అని మాత్రమే అనేవారు. తప్పు చేసినవాడికి తెలిసేది, నలుగురిలో తల వంగేది కాదు.

ఇక సమయం సంగతి. గజాలీ (రహ్మ) రెండవ షరతు ఇక్కడికి పనికివస్తుంది. పెళ్లి అయిపోయి, వలీమా భోజనాలు ముగిశాక వధువు తండ్రిని పట్టుకుని “ఎందుకిచ్చావు?” అనడం వల్ల అతని అప్పు తగ్గదు. అప్పుడు మాట్లాడవలసింది వరుడి ఇంట్లో. కట్నంగా ఎవరు ఏమి పుచ్చుకున్నా అది వధువు సొమ్మేననీ, పెళ్లికి ముందు పుచ్చుకున్నదైతే పెళ్లి జరిగిన మూడు నెలలలోగా ఆమెకు అప్పగించాలనీ అదే చట్టంలోని ఆరవ సెక్షను చెబుతుంది. మహల్లా పెద్దలలో ఒకరిద్దరు, ఇంతకాలం రివాజును సమర్థించినవారే అయినా సరే, వారిని వెంటబెట్టుకుని వెళ్లి, తలుపు వేసుకుని, ఆ సొమ్ము అమ్మాయి చేతిలో పెట్టమని అడగవచ్చు.