నలుగురి పేర్లు, ఒక్కరి కోడు

నందికొట్కూరు పిల్లలు బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చదవాలంటే ఎక్కువగా బస్సెక్కేది కర్నూలుకో నంద్యాలకో. ఎక్కడ చదివినా ఆఖరి ఏడాది ప్రాజెక్టు తంతు తెలిసిందే: బ్యాచ్, గైడ్, రివ్యూలు, వైవా. రికార్డు అట్ట మీద నలుగురి పేర్లుంటాయి. కోడు రాసింది చాలాసార్లు ఒక్కరే. ఒక్కోసారి అదీ కాదు, హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బిచ్చి కొన్నది. పిల్లలు బద్ధకస్తులని తేల్చేయడం సులువు. కానీ మనం మార్కులు వేస్తున్నది తయారైన వస్తువుకు. అలాంటప్పుడు బాగా వచ్చినవాడి చేత చేయించుకోవడమే తెలివైన పని అవుతుంది. పని పంచుకోవడం, గడువు పెట్టుకుని నిలబెట్టుకోవడం నేర్పాలంటే పని జరిగిన తీరుకే మార్కులు వేయాలి.

కలిసి పనిచేయడం పాఠం చెబితే వచ్చే విద్య కాదు. సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతులైన వాటర్‌ఫాల్‌కూ ఎజైల్‌కూ తేడాలు బట్టీపట్టి పరీక్షలో రాసేయొచ్చు, రాస్తున్నారు కూడా. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లోనే పుస్తకం రాసి చెప్పారు. మనుషులు పెరిగితే మాటలూ పెరుగుతాయి మరి: నలుగురిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 6. ఎనిమిది మందైతే 28. కె.సి. కెనాల్‌కు ఎగువన నీళ్లు వదలకపోతే చివరి ఆయకట్టు ఎండినట్టే, డేటాబేస్ పట్టికలు అందకపోతే లాగిన్ పేజీ రాసే అమ్మాయి చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ ఇబ్బంది పడ్డవాళ్లకే ముందుగా ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

ఒకరు కష్టపడితే ముగ్గురు మార్కులు కొట్టేస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి మందు గ్రూపుల్ని రద్దు చేయడం కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తెచ్చిన గిట్‌లో ఎవరి పేరుతో ఏ రోజు ఏ మార్పు జరిగిందో నమోదవుతుంది. ఆ చిట్టా ఒక్కటే చాలదు, స్నేహితుడి పేరుతో కోడు ఎక్కించడం పిల్లలకు తెలియని విద్యేమీ కాదు. అందుకే వైవాలో పక్కవాడు రాసిన భాగాన్ని వివరించమనాలి. ఇదంతా కంపెనీలు నేర్పుకుంటాయిలే అనేవాళ్లూ ఉన్నారు. కంపెనీ నేర్పేది ఉద్యోగం వచ్చినవాళ్లకే కదా, ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు తడబడి ఇంటికొచ్చిన వాళ్లకు ఎవరు నేర్పుతారు? పైగా 2014లో భారతదేశం, ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం ఉన్న వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యురాలైంది. కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, ఇంజనీరుకు ఉండాల్సిన లక్షణాల్లో జట్టు పనినీ ప్రాజెక్టు నిర్వహణనూ చేర్చింది. కాగితం మీద ఒప్పుకున్నదాన్నే అడుగుతున్నాం.

సాయంత్రం బస్సుకు ఊరు చేరాల్సిన పిల్లలకు తీరిక ఏదన్నది అసలైన ప్రశ్న. ల్యాబు గంటల్లోనే వారానికి ఒకసారి నలుగుర్నీ కూర్చోబెట్టి, ఏం చేశారో, ఏం ఆగిపోయిందో రాయిస్తే సగం సమస్య తీరుతుంది. ప్రాజెక్టు పెద్దది కానక్కర్లేదు, ఎరువుల దుకాణం స్టాకు లెక్క చాలు. అధ్యాపకులకు ఒక్కటే మనవి: నాలుగో ఏడాది దాకా ఆగకండి, రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి.