విన్నది... విన్నట్టు!

కథ రాయాలంటే ఊహ ఉండాలి. మరి జరిగినదాన్నే కథలా రాయాలంటే? ముందు చెవులుండాలి! ఓరుగల్లు పల్లెలు నేర్పే పాఠం అదే.

పాలకుర్తి ఐలమ్మ పేరు వినని వాళ్లు తెలంగాణలో ఉండరు. కౌలుభూమిలో పండించిన పంట మీద విసునూరు దొర కన్నేస్తే ఎదురుతిరిగిన చాకలి ఇంటి ఆడబిడ్డ. సంఘం వాళ్లు తోడు నిలిచి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న ఆ ఊరు తర్వాత వరంగల్‌లో, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉంది. ఐలమ్మ ఆత్మకథ రాసుకోలేదు. కానీ ఆమె మాటలు పుస్తకంలో పదిలంగా ఉన్నాయి.

టేపురికార్డరే కలం!

స్త్రీశక్తి సంఘటన మహిళలు ఊరూరా తిరిగి, సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను మాట్లాడించి రికార్డు చేశారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. 1989లో ఇంగ్లిషులోకీ వెళ్లింది. నాయకుల పుస్తకాల్లో దొరకని సంగతులెన్నో అందులో ఉన్నాయి. అడవిలో తిప్పలు, పిల్లల బెంగ, పోరాటం ఆగాక 'ఇక ఇంటికెళ్లండి' అన్నప్పటి బాధ... అన్నీ వాళ్ల మాటల్లోనే. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. మరికొన్నేళ్లు ఆగి ఉంటే, ఆ గొంతు దొరికేదే కాదు!

సరిగ్గా ఆ రోజుల్లోనే సోవియట్ దేశంలో స్వెత్లానా అలెక్సీవిచ్ అదే పని చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన స్త్రీలను మాట్లాడించి 1985లో పుస్తకం తెచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

ఎలా అడగాలి?

'ఏ సంవత్సరంలో జరిగింది?' అంటే పెద్దవాళ్లు తడబడతారు. 'అప్పటికి వరి కోతలయ్యాయా? ఆ పూట ఇంట్లో ఏం వండారు?' అని అడిగితే రోజంతా కళ్లకు కడుతుంది. ఏడుపొచ్చి ఆగిపోతే, తొందరపెట్టకుండా కూర్చోవాలి.

రాసేటప్పుడు యాసను దిద్దకూడదు. 'అచ్చిండు'ను 'వచ్చాడు' చేస్తే మనిషే మారిపోతాడు. వరంగల్‌లోనే బతికిన కాళోజీ జీవితమంతా వాదించింది ఈ పలుకుబడుల భాష కోసమే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడమూ అందుకే.

అలాగని విన్నదంతా నిజమనుకోకూడదు. జ్ఞాపకం పొరపాటు పడుతుంది. ఇంకో ఇద్దరిని అడగాలి, పాత పహాణీలు, పత్రికలు తిరగేయాలి. లెక్క కుదరకపోతే రెండు మాటలూ రాయాలి. తెలియని చోట కల్పించిన ఒక్క సంభాషణ చాలు, మిగతా పుస్తకాన్నీ ఎవరూ నమ్మరు. చెప్పినవాళ్లు వద్దన్నది అచ్చు వేయకూడదు. కథ రాసినవాడిదే కావచ్చు, బతుకు మాత్రం వాళ్లది.

2024లో హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. రాయి మీద పేరు ఎవరైనా చెక్కించవచ్చు. ఆమె ఎలా మాట్లాడేదో తెలిసేది మాత్రం, ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని విన్నందుకే. ఇప్పుడు రికార్డు చేసే ఫోను అందరి జేబుల్లోనూ ఉంది. మీ ఇంటి అరుగు మీద కూర్చున్న అమ్మమ్మను ఈ ఆదివారం ఓ మాట అడిగి చూడండి!