పొలం పొలంగానే ఉండాలంటే ఆ ఖర్చు ఎవరిది?

పై వీడియో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో తీశాను. ఉద్యాన శాఖ ఆఫీసుకి పని మీద వెళ్తే ఈ చెట్ల కింద కాసేపు కూర్చుంటా. 1846 నాటి తోట ఇది. గేటు దాటి అబిడ్స్ వైపు నడిస్తే ఇంత ఖాళీ నేల ఎక్కడా కనిపించదు. సర్కారు భూమి కాబట్టే ఇది మిగిలింది. అయితే సిటీ చుట్టూ ఉన్న పొలాలను కూడా పన్నుల డబ్బుతో సర్కారే కొని కాపాడొచ్చు కదా?

నా మాట ఇది: డబ్బు పెట్టాలి, కానీ భూమి కొనడానికి కాదు.

ముందు, డబ్బు ఎందుకు పెట్టాలో చూద్దాం. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నీళ్ళు తాగి ఈ నగరం పెరిగింది. ఆ చెరువుల కోసం 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 ఊళ్ళు, 1.32 లక్షల ఎకరాలు. నీళ్ళు నగరానికి, ఆంక్షలు రైతుకి. పరిహారం మాత్రం లేదు. రైతులు తీసేయమని అడుగుతూనే ఉన్నారు. చివరికి 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు తొలగిస్తూ జీవో 69 ఇచ్చారు.

మొయినాబాద్ వైపు రెండెకరాలు కౌలుకి తీసుకుని మూడేళ్ళు ఘనజీవామృతం వేశా. వానపాములు కనపడే వేళకి ఓనరు అమ్మేశాడు. అడిగితే, "తమ్మీ, నీ సేద్యం మంచిదే. నా బిడ్డ పెండ్లికి పైసలు ఎవరిస్తరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడక్కడ ప్రహరీ గోడ ఉంది.

మరి సర్కారే కొంటే? ఈ తోటనే చూడండి. దీని ఆవరణలోనే టౌన్‌హాల్ కట్టారు, తర్వాత అది శాసనసభ అయింది. జూబ్లీ హాలు, మ్యూజియం కూడా ఇక్కడే. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలుపెట్టింది సర్కారు తరఫువాళ్ళే. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. అంటే సర్కారు పేరు మీద ఉన్నంత మాత్రాన భూమికి తాళం పడినట్టు కాదు. పైగా సర్కారు కొంటే రైతు అక్కడ ఉండడు.

ఇంకో దారి ఉంది. అమెరికాలో న్యూయార్క్ దగ్గరి సఫోక్ కౌంటీ 1974లో మొదలుపెట్టింది. భూమి రైతుదే, సాగూ రైతుదే. ప్లాట్లు వేసుకునే హక్కు ఒక్కటే కౌంటీ కొంటుంది. లెక్క ఇలా: మాట వరసకి ఎకరం సాగు ధర 40 లక్షలు, ప్లాట్ల ధర 2 కోట్లు అనుకుందాం. తేడా 1.6 కోట్లు రైతుకి ఇస్తారు. ఆ షరతు రిజిస్టర్ అవుతుంది. తర్వాత ఎవరు కొన్నా ప్లాట్లు వేయడానికి లేదు.

ఖర్చు సంగతి దాచను. ఇదే లెక్కన 1.32 లక్షల ఎకరాలకి 2 లక్షల కోట్లు దాటుతుంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్టే సుమారు 3.05 లక్షల కోట్లు. అంతా కొనడం అయ్యే పని కాదు. అందుకే ముందు చెరువుల్లోకి నీళ్ళు తెచ్చే వాగుల ఒడ్డు పొలాలు, అదీ ఇష్టపడి ముందుకొచ్చిన రైతులవే తీసుకోవాలి. వెయ్యి ఎకరాలకి 1,600 కోట్లు, పదేళ్ళకి పంచితే ఏటా 160 కోట్లు.

ఆ డబ్బు ఎక్కడిది? రాష్ట్రంలో ఇల్లో ప్లాటో కొంటే రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం కడుతున్నాం. పొలాలు ప్లాట్లైతే పెరిగే ఆదాయం అది. అందులో కొంత, పొలంగా మిగిలే నేలకి రావడం న్యాయమే. ఒక షరతు తప్పనిసరి: డబ్బు తీసుకున్న పొలం బీడు పెట్టకూడదు. ఓనరు చేయకపోతే రాతపూర్వకంగా కౌలుకివ్వాలి. లేదంటే అది ఫామ్‌హౌస్ లాన్ అయిపోతుంది.

నేలని బాగు చేయడానికి మనకి ఏళ్ళు పడుతుంది. పోగొట్టడానికి ఒక జేసీబీ, ఒక పూట చాలు. మీ ఊళ్ళో ఎకరం సాగు ధర ఎంత, ప్లాట్ల ధర ఎంత? ఆ తేడా చేతికిస్తే పొలం ఉంచుకుంటారా? కామెంట్‌లో రాయండి.