నగర సందర్శనకు బయలుదేరే ముందు

పాఠశాలలకు సెలవులు రాగానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఇళ్లలో హైదరాబాద్ ప్రస్తావన మొదలవుతుంది. పిల్లలు చార్మినార్ ఎక్కాలంటారు. ఆడవారికి లాడ్ బజార్ గాజులపై మనసుంటుంది. ఇంటి పెద్దలకు మక్కా మసీదులో ఒక్క జుమా నమాజైనా చేయాలన్న కోరిక. ఇవన్నీ సమంజసమైన కోరికలే. గతించిన తరాలు నిర్మించిన కట్టడాలను చూడటం వినోదమే కాదు, గుణపాఠం కూడా. అయితే సొంత ఊళ్లో మనల్ని పేరు పెట్టి పిలిచేవారుంటారు. తప్పిపోయిన బిడ్డను ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారు. మహానగరంలో ఆ భరోసా ఉండదు. అందుకే సందర్శన సుఖంగా సాగాలంటే ఏర్పాట్లు ఇంటి దగ్గరే మొదలు కావాలి.

ఒకరు బాధ్యత వహించాలి

ముగ్గురు కలిసి ప్రయాణమైతే తమలో ఒకరిని నాయకునిగా నియమించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఈ బోధనలోని వివేకం రైల్వే ప్లాట్‌ఫారం మీద బాగా అర్థమవుతుంది. పదిమంది బంధువులు కలిసి వెళ్లినప్పుడు బాబు తల్లి దగ్గర ఉన్నాడని తండ్రి, పిన్ని దగ్గర ఉన్నాడని తల్లి అనుకుంటారు. పిల్లలు తప్పిపోయేది ఇలాంటి సందర్భాల్లోనే. ఎక్కేముందు, దిగిన తర్వాత అందరినీ లెక్కపెట్టడం ఒకరి బాధ్యతగా ఉండాలి. ఇది పెత్తనం కాదు, సేవ. ఆ వ్యక్తి అందరినీ సంప్రదించి నిర్ణయం తీసుకోవాలి, మిగిలినవారు దాన్ని పాటించాలి.

ప్రయాణ మార్గం

జనగామ, మహబూబాబాద్ వారికి రైలు సౌకర్యం ఉంది. గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లు రెండు చోట్లా ఆగి సికింద్రాబాద్ చేరుతాయి. భూపాలపల్లి వారు పరకాల, హన్మకొండల మీదుగా బస్సులో రావలసిందే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ప్రయాణం ఉచితం. ఇందుకు ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి.

వరంగల్ దారిలో వచ్చే బస్సులు ఉప్పల్ మీదుగా నగరంలోకి ప్రవేశిస్తాయి. అక్కడే మెట్రో స్టేషన్ ఉంది. ఉప్పల్‌లో గానీ, రైలు దిగినవారు సికింద్రాబాద్ ఈస్ట్‌లో గానీ మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ వద్ద మారితే ఎంజీబీఎస్ చేరవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియం అక్కడికి దగ్గరే. మెట్రో ప్రస్తుతం చార్మినార్ దాకా వెళ్లదు కనుక అక్కడి నుంచి ఆటోగానీ బస్సుగానీ చూసుకోవాలి. ఆటో ఎక్కకముందే ఛార్జీ మాట్లాడుకుని, బండి నంబరు ఫొటో తీసి ఇంటికి పంపడం మంచిది.

ఏ రోజు ఏది చూడాలి?

చాలామంది జుమా కోసం శుక్రవారం వస్తారు. కానీ సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, కుతుబ్‌షాహీ సమాధులు మూడింటికీ ఆ రోజే సెలవు. జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. కాబట్టి శుక్రవారం ఉదయం ఎండ ముదరకముందే గోల్కొండ కోట చూసి, జుమా వేళకు మక్కా మసీదు చేరుకోవడం అనుకూలంగా ఉంటుంది. మ్యూజియాన్ని మరుసటి రోజుకు ఉంచుకోవచ్చు.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ లోపలి మెట్లు ఇరుకైనవి, మెలికలు తిరిగినవి. మోకాళ్ల నొప్పులున్నవారు కింద ఉండటమే మేలు. 1617లో మొదలైన మక్కా మసీదు నిర్మాణం 1694లో గానీ పూర్తి కాలేదు. తరాలు మారినా ఆగని ఆ శ్రమను పిల్లలకు చెప్పాలి. గోల్కొండ ద్వారం దగ్గర గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. ఆ వింత చూసే ఆనందంలో పిల్లలు గోడల అంచులకు పోకుండా చెయ్యి పట్టుకుని ఉండాలి.

రద్దీలో జాగ్రత్తలు

లాడ్ బజార్‌లో నల్ల బురఖాలు ధరించిన స్త్రీలు చాలామంది కనిపిస్తారు. చిన్నపిల్లలు తమ తల్లి అనుకుని వేరొకరి వెంట నడిచిపోయే ప్రమాదం ఉంది. తల్లి చేతిసంచికి ముదురు రంగు రుమాలు కడితే బిడ్డకు గుర్తు ఉంటుంది. బిడ్డ జేబులో ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఉంచాలి. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చూపించాలి.

సాలార్‌జంగ్‌లోని గడియారంలో గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. అందరి చూపూ పైనే ఉండే ఆ సమయంలో మన జేబుల మీద ఓ చెయ్యి ఉండాలి. మరో మోసం తరచూ జరుగుతుంటుంది. పోలీసులమని చెప్పి, ‘ముందు వీధిలో దొంగతనం జరిగింది, నగలు తీసి కాగితంలో చుట్టి దాచుకోండి’ అని మాయచేస్తారు. ఇంటికి వెళ్లి పొట్లం విప్పితే రాళ్లుంటాయి. నిజమైన పోలీసులు నడివీధిలో నగలు విప్పమనరు. నగలు ఇంట్లోనే వదిలి రావడం ఇంకా శ్రేయస్కరం.

బస విషయంలో

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉంచిన చోట మంటలు లేచాయి. దట్టమైన పొగ మెట్ల మార్గం గుండా పై అంతస్తులకు పాకింది. 8 మంది మరణించారు. పనుల మీద నగరానికి వచ్చి అక్కడ బస చేసినవారే వారంతా. అద్దె ఎంతని అడిగే ముందు, రెండో మెట్ల దారి ఉందా, కిటికీలు తెరుచుకుంటాయా, కింద ఏ దుకాణం ఉంది అని చూడాలి. ఇరుకు గదిలో వంట స్టవ్ వెలిగించరాదు.

ఆపద ఎదురైతే

ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 108, రైలులో సహాయానికి 139, పిల్లల కోసం 1098, మహిళలకు 181. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా ఉండాలి. పోయేది తరచూ ఫోనే కదా! బయలుదేరే ముందు ఫోన్‌లో *#06# నొక్కి, కనిపించే ఐఎంఈఐ సంఖ్యను ఇంట్లో రాసి ఉంచితే, పోయిన ఫోన్‌ను పోలీసు ఫిర్యాదు తర్వాత సీఈఐఆర్ పోర్టల్ ద్వారా నిలిపివేయించవచ్చు. వేధింపులు ఎదురైతే మౌనం వహించరాదు. 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయడం మన బిడ్డకే కాదు, తర్వాత ఆ దారిన వచ్చే మరో బిడ్డకూ మేలు చేస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు చెప్పడం ఎవరినీ భయపెట్టడానికి కాదు. నగరంలో దారి చెప్పేవారు, మంచినీళ్లిచ్చేవారు కూడా ఎందరో ఉన్నారు. అప్రమత్తంగా ఉంటూనే వారి మంచితనాన్ని గుర్తించగలిగిన కుటుంబం గాజులతోపాటు మంచి జ్ఞాపకాలను కూడా ఇంటికి తెచ్చుకుంటుంది.