నక్ష మన షెడ్డుకే వచ్చింది!

* సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.. బ్రౌజర్‌లోనే డిజైన్ ఫైళ్లు
* చిన్న వర్క్‌షాపులకు, ఇల్లు కట్టుకునేవారికి వెసులుబాటు
* ఏమరుపాటుగా ఉంటే మాత్రం నష్టమే

బళ్లారి: 2024 ఆగస్టు 10, శనివారం రాత్రి. తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. డ్యాం నిండుకుండలా ఉన్న రోజులవి. ఇటు బళ్లారి, కొప్పళ, రాయచూరు.. అటు అనంతపురం, కర్నూలు.. కాలువ చివరన ఉన్న రైతు గుండెల్లో రాయి పడింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు రంగంలోకి దిగారు. పారే నీటికి అడ్డంగా దించే స్టాప్‌లాగ్‌కు డిజైన్ సిద్ధమైంది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న ఖాళీని మూసేందుకు అయిదు ముక్కలు. హొసపేట, తోరణగల్లులలో రేయింబవళ్లు ఉక్కు పలకలు కోశారు, అతికారు. సరిగ్గా వారానికి, 17వ తేదీ నాటికి, అయిదు ముక్కలూ దిగాయి. రైతు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ వారమంతా మనకు కనిపించినవి క్రేన్లు, వెల్డింగు నిప్పురవ్వలు. కానీ గ్యాస్ కటింగ్ మంట వెలిగే ముందు ఒకటి ఉండాలి. అదే డ్రాయింగు. ఇక్కడి కన్నడంలో నక్షె, మన మాటలో నక్ష. అందులో అంకె ఒకటి తప్పు చదివితే గేటు ముక్క గాడిలో దిగదు. కోసేసిన ప్లేటును మళ్లీ పెంచలేం కదా!

ఫైలు వచ్చింది.. తెరుచుకోదు

డ్యాం గేటు పెద్ద సంగతి. మన చుట్టుపక్కల షెడ్లలో రోజూ జరిగేది చిన్న సంగతే. తోరణగల్లు ఉక్కు కర్మాగారం, కుడతిని థర్మల్ కేంద్రం, సండూరు గనులు ఉన్న జిల్లా ఇది. హాపర్, కన్వేయర్ ఫ్రేము, మెట్లు, చేతిపట్టీలు, షెడ్డు దూలాలు.. ఇలాంటి పనులు చేసే వర్క్‌షాపులకు కొదవ లేదు. లేత్ ఉంటుంది, డ్రిల్లింగ్ మెషిన్ ఉంటుంది, చేయి తిరిగిన ఫిట్టర్ ఉంటాడు. లేనిదల్లా డిజైన్ ఫైలు తెరిచే సాఫ్ట్‌వేర్.

ఆర్డరిచ్చేవారు మెయిల్‌లోనో, వాట్సప్‌లోనో ఫైలు పంపుతారు. దాని పేరు చివర 'డీడబ్ల్యూజీ' అని ఉంటుంది. ఫోన్‌లో నొక్కితే 'తెరవలేం' అంటుంది. ఇది ఆటోక్యాడ్ ఫైలు. 1982లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల లోకాన్ని ఏలుతోంది. ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే పద్ధతికి 2016లో కంపెనీ స్వస్తి పలికింది. అప్పటి నుంచి కొత్తగా తీసుకునేవారు చందా కట్టాల్సిందే. నెలకు నాలుగు డ్రాయింగులు చూసే షెడ్డుకు అంత ఖర్చెందుకు? పోనీ పాత వెర్షన్ ఉన్నా చిక్కే. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలును పాతది గుర్తుపట్టదు. కంప్యూటరులో వేసుకునే ఉచిత వ్యూయర్లు లేకపోలేదు. కానీ వాటికి తగిన కంప్యూటరు, వేసిచ్చే మనిషీ కావాలి.

దీంతో ప్రింట్ల దుకాణానికి పరుగు. అక్కడ ప్రింటు తీయించుకుని, షెడ్డుకొచ్చి సుద్దతో మార్కింగు. ఈలోగా ఆఫీసులో డిజైన్ మారితే? మన చేతిలో ఉన్నది పాత కాగితమే. ఆ పొరపాటు ఖరీదు ఒక ఉక్కు ప్లేటు, ఒక రోజు కూలీ. అదీ షెడ్డు యజమాని జేబులోంచే.

బ్రౌజర్ ఉంటే చాలు

ఇప్పుడీ పరుగు చాలావరకు తప్పింది. న్యూస్ చూసే బ్రౌజర్‌లోనే డిజైన్ ఫైలు చూడొచ్చు. ఆటోక్యాడ్ తయారుచేసిన ఆటోడెస్క్ కంపెనీయే 'ఆటోడెస్క్ వ్యూయర్' పేరుతో ఉచితంగా ఈ సదుపాయం ఇస్తోంది. మెయిల్ ఐడీతో ఖాతా తెరిచి, ఫైలు ఎక్కిస్తే సరి. డీడబ్ల్యూజీ ఒక్కటే కాదు, డీఎక్స్‌ఎఫ్, స్టెప్, సాలిడ్‌వర్క్స్, రెవిట్ వంటి పదుల రకాల ఫైళ్లు తెరుచుకుంటాయి. 'షేర్‌క్యాడ్' వంటివీ ఉన్నాయి.

బొమ్మ చూడటంతోనే ఆగిపోదు. రెండు బిందువుల మీద నొక్కితే మధ్య దూరం చెబుతుంది. త్రీడీ నమూనా అయితే వేలితో తిప్పి వెనక వైపు చూడొచ్చు. అడ్డంగా కోసినట్లు లోపలి భాగం చూడొచ్చు. విడిభాగాలను విడదీసి, ఏ బోల్టు ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకోవచ్చు. 'ఇక్కడ రంధ్రం ఎంత?' అని గీత గీసి, లింకు పంపి ఇంజినీరునే అడగొచ్చు. డ్రాయింగు చదవడం అంతగా రాని కుర్ర వెల్డరుకు త్రీడీ బొమ్మ తిప్పి చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది.

తెర వెనక ఏం జరుగుతోంది?

ఇది రాత్రికి రాత్రి వచ్చింది కాదు. 1990లలోనే వెబ్ కోసం 'డీడబ్ల్యూఎఫ్' అనే తేలిక ఫైలు తెచ్చారు. అయితే అది చూడాలంటే బ్రౌజర్‌కు ప్లగిన్ తగిలించాలి. ఒక కంప్యూటరులో పనిచేస్తే ఇంకో దాంట్లో మొరాయించేది. 2011లో 'వెబ్‌జీఎల్' తొలి ప్రమాణం వెలువడింది. కంప్యూటరు, ఫోన్లలోని గ్రాఫిక్స్ చిప్‌తో త్రీడీ బొమ్మలు గీయించే శక్తి బ్రౌజర్‌కు నేరుగా దక్కింది. 2015లో క్రోమ్ పాతకాలపు ప్లగిన్లకు తలుపులు మూసేసింది.

ఆటోడెస్క్ వ్యూయర్ లాంటి వాటిలో మనం ఫైలు ఎక్కించగానే అది కంపెనీ సర్వరుకు చేరుతుంది. అక్కడ దాన్ని తేలికైన ముక్కలుగా మార్చి పంపితే మన బ్రౌజర్ గీసి చూపిస్తుంది. బరువు పని అక్కడ, చూడటం ఇక్కడ. అందుకే సాదా కంప్యూటరులోనూ పెద్ద ఫైలు కదులుతుంది. ఫోన్‌లోనూ చూడొచ్చు గానీ, చిన్న అంకెల దగ్గర పెద్ద తెరే నయం.

ఇంకో రకమూ ఉంది. 'ఆన్‌లైన్ త్రీడీ వ్యూయర్' అనే ఉచిత సైటులో ఫైలు మన యంత్రం దాటి పోదు. లెక్కంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది. స్టెప్ వంటి త్రీడీ ఫైళ్లకు ఇది అక్కరకొస్తుంది. డీడబ్ల్యూజీని మాత్రం తెరవదు.

కన్ను నమ్మొద్దు.. అంకెను నమ్మాలి

అంతా బాగుంది కదా అని గుడ్డిగా కోతకు దిగితే కొంప మునుగుతుంది. బ్రౌజర్ చూపించేదే పూర్తి డ్రాయింగు అనుకోకూడదు. ఇంజినీర్లు ఒక డ్రాయింగులో మరో ఫైలును తగిలిస్తుంటారు. ఆ రెండోది పంపకపోతే అక్కడ ఖాళీయే కనిపిస్తుంది. తప్పని చెప్పే నాథుడుండడు. ప్రత్యేక ఫాంటు లేకపోతే వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం రావచ్చు. కొన్ని లేయర్లు ఆపేసి ఉండొచ్చు.

కొలమానం సంగతి మరీ ముఖ్యం. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. ఫైలు దేనిలో గీశారో చూడకుండా వ్యూయర్ చెప్పిన అంకె పట్టుకుంటే లెక్క తలకిందులే. డ్రాయింగు మీద 'స్కేలు పెట్టి కొలవద్దు' అని రాసేది ఊరికే కాదు. ఇంజినీరు రాసిన కొలతే ప్రమాణం. తెర మీది కొలత సరిచూసుకోడానికే. రెండింటికీ పొత్తు కుదరకపోతే మంట వెలిగించకుండా ఫోన్ చేయాలి.

గుట్టు మాటేమిటి?

ఎక్కించిన ఫైలు పరాయి సర్వరులో కూర్చుంటుందని మరవొద్దు. కంపెనీ డిజైన్ కంపెనీ సొత్తు. బయటపెట్టబోమని సంతకం చేసి, ఎక్కడ పడితే అక్కడ ఎక్కిస్తే ఆర్డరు పోవడమే కాదు, చిక్కుల్లోనూ పడతారు. డ్యాములు, విద్యుత్ కేంద్రాల నక్షలైతే చెప్పనక్కర్లేదు. ఆర్డరిచ్చినవారినే వ్యూయర్ లింకు పంపమని అడగడం ఉత్తమం. ఫైలు వారి అదుపులోనే ఉంటుంది.

ఇంటి ప్లానుకూ ఇదే దారి

షెడ్లకే కాదు, ఇల్లు కట్టుకునేవారికీ ఇది అక్కరకొస్తుంది. ఇంజినీరు పంపిన ప్లాను తెరుచుకోక, మేస్త్రి చెప్పినదానికల్లా తలూపే యజమానులెందరో. మెట్ల కింద ఎంత జాగా ఉంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది.. పునాది తీయకముందే ఇంట్లో అందరూ కూర్చుని చూసుకోవచ్చు. అర్థం కాకపోతే ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల్ని పిలవండి. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కాలేజీల్లో కంప్యూటరు మీద డ్రాయింగు గీయడం నేర్పుతారు. ఆ చదువు నాన్న షెడ్డులో పనికొస్తే అంతకన్నా ఏం కావాలి?

కోతకు ముందు..

* డ్రాయింగు మూలన రివిజన్ నంబరు, తేదీ చూడండి. ఇదే ఆఖరిదా అని అడగండి.
* మిల్లీమీటర్లా, అంగుళాలా? ముందు తేల్చుకోండి.
* తెలిసిన ఒక కొలతను వ్యూయర్‌లో కొలిచి, రాసిన అంకెతో పోల్చండి.
* డీడబ్ల్యూజీతో పాటు పీడీఎఫ్ కూడా అడిగి తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.
* లింకు గుంపుల్లో పెట్టొద్దు. పనయ్యాక ఫైలు తీసేయండి.

తుంగభద్ర గేటు పోయాక పరిశీలించిన నిపుణుల సంఘం, 33 గేట్లనూ మార్చాలని సిఫార్సు చేసింది. డెబ్బై ఏళ్ల కిందట ఆ డ్యాం కట్టినప్పుడు నక్షలు ఇంజినీర్ల బల్లల మీదే ఉండేవి. నేడు అవి వెల్డరు చేతిలోని తెర మీదికొచ్చాయి. చూసే వీలు అందరికీ దక్కింది. సరిగ్గా చూసే ఓపికే ఇక మనది. అది ఏ సైటులోనూ దొరకదు.